ముగ్గు పాఠం

భార్యకు కాలు బెణికింది. అందుకని కోవిల్‌పట్టిలో ఆ తెల్లవారుజామున ముగ్గు వేసే పని అతని మీద పడింది. ఆమె గుమ్మంలో కూర్చుని చూసి నోరు వెళ్లబెట్టింది.

"నా నైటీ ఏల తొడుక్కున్నారు మామా?"

"దూరం నించి చూస్తే నువ్వే అనుకుంటారని."

"ఆ మీసంతోనా?"

"వంగితే కనపడదులే. మొగోడు ముగ్గేస్తే వీదంతా పేరు పెట్టి నవ్వదా?"

"విరుదునగర్ కాలేజీలో పిల్లకాయలకి మీరు చెప్పే పాఠం ఏంది?"

"పనిలో తప్పు లేదు, నలుగురూ పేరు పెడితేనే తప్పవుతుందని."

"ముగ్గేస్తే ఒక పూట నవ్వుతారు. ఈ నైటీ చూస్తే?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ముగ్గు గిన్నెతో అతను అట్లాగే నిలబడిపోయాడు, మీసంతో సహా.

"చిన్న పేరు తప్పించుకోబోయి పెద్ద పేరు తెచ్చుకునేది... అది రేపటి పాఠమే," అని గొణిగాడతను.