మసక మీటరు

మధ్యాహ్నం మూడు గంటలు. కార్లకు వైర్ల పని చేసే షెడ్డు. లైట్లు చూడాలంటే లోపల చీకటి కావాలని షట్టరు దించారు. బడిపిల్లల వ్యాను సీట్లో బావ. మీటరు బోర్డు కింద తల దూర్చి బావమరిది.

"మళ్ళీ మసకేనా?"

"మసకేరా. ముల్లు ఎక్కడుందో తెలిసి చావట్లేదు."

"మొదటిసారి వచ్చినప్పుడు ఎర్తు వైరు గీకి బిగించాను. పోయినసారి నాలుగు బల్బులూ మార్చాను. ఇంకేం మిగిలింది బావా, సూర్యుణ్ణి తెచ్చి పెట్టాలా?"

"పెట్టు. బామ్మర్దివి, ఆమాత్రం చెయ్యవా?"

"స్టీరింగు పక్కన ఈ చిన్న చక్రం ఏమన్నా తిప్పావా? వెలుగు తగ్గించేది?"

"దాని జోలికే పోలేదు."

"పూర్తిగా పైకే ఉందిలే. ఉండు, వైరులో కరెంటు చూస్తా... ఇదిగో, టెస్టరు భగ్గుమంటోంది. బల్బు దాకా నిండుగా వస్తోంది."

"అయితే అద్దం మసిబారిందేమో."

"పోయినసారే తుడిచాను."

"నీ తుడవడం నాకు తెలీదా? మీ ఇంట్లో అందరి పనీ పైపైనే."

"ఆ మాట అక్కతో అను. బయట బల్ల మీదే కూర్చుంది."

"వద్దులే. తొందరగా కానీ. నాలుగింటికి బడి వదులుతారు."

"ఇప్పుడు చూడు."

"కొంచెం నయం."

"ఇప్పుడు?"

"ఆ... ఇంకా నయం."

"ఇప్పుడు?"

"ఇదీ వెలుగంటే! దీనికింతసేపా? తియ్యి షట్టరు."

"ముల్లు కనిపిస్తోందా?"

"బ్రహ్మాండంగా."

"ఎంత మీదుంది?"

"ఆగిన బండికి ఎంత మీదుంటుందిరా? సున్నా."

"బావా."

"ఏంటి?"

"ఫ్యూజు నా చేతిలో ఉంది."

"ఏ ఫ్యూజు?"

"మీటరు లైట్లది. నువ్వు మొదటిసారి నయం అనకముందే పీకేశాను. అప్పట్నుంచీ ఒక్క బల్బూ వెలగట్లేదు. షట్టరు సందులోంచి అద్దం మీద ఎండ పడుతోంది. అది చూసి లైటనుకున్నావు."

"వేళాకోళమా?"

"ఇవి ఎన్ని వేళ్ళు?"

"నేనేమన్నా ఒకటో తరగతా, వేళ్ళు లెక్కపెట్టడానికి?"

"ఎన్ని బావా?"

"మూడు."

"నేను చెయ్యే ఎత్తలేదు."

"బండి తాళం ఎందుకు తీశావు? రేయ్, తాళం ఎందుకు తీశావు?"

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు."

"ఏమన్నాడు బావా?"

"కంటి నరం ఎండిపోతోందన్నాడు. అద్దాలు పెట్టినా లాభం లేదన్నాడు. చాలా? ఇటివ్వు తాళం. పక్కలకి బాగానే కనిపిస్తుంది. ఎటు చూస్తే అటు మధ్యలో పొగ, అంతే."

"అంతే! వెనక పద్నాలుగు మంది పిల్లలు!"

"అరవకు. పదకొండేళ్ళుగా తోలుతున్న దారి. గుంటలన్నీ నాకు కంఠస్థం."

"గుంటలు కదలవు బావా. మనుషులు కదులుతారు."

"ఓనరుకి తెలిస్తే ఇవాళే దింపేస్తాడు. మేముండే గదీ ఆయనదే. బండి దిగితే గది దిగాలి. మీ అక్కనీ పిల్లల్నీ వెంటేసుకుని ఎక్కడికి పోను? నీ ఇంటికా? మీకే కాళ్ళు చాపుకునే చోటు లేదు."

"అక్కని పిలుస్తాను. అక్కకి చెప్పాల్సిందే."

"పిలువు."

"నవ్వుతావేంటి?"

"మీ అక్క వ్యానులో ఆయాగా ఎందుకు చేరిందనుకున్నావురా? పిల్లల్ని ఎక్కించి దించడానికా? ముందు సీట్లో నా పక్కనే కూర్చుంటుంది. సిగ్నలు ఎర్రబడితే మోకాలు నొక్కుతుంది. ఎవరన్నా అడ్డమొస్తే గిల్లుతుంది. ముల్లు నలభై దాటితే దగ్గుతుంది."

"పిల్లలు చూడరా?"

"ఆయమ్మ డ్రైవరన్నని గిల్లుతోందని పడీపడీ నవ్వుతారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సెలవులయ్యి బడి తెరిచినప్పట్నుంచి."

"తమ్ముడూ! ఏం చేస్తున్నారు లోపల? మూడున్నరయింది. షట్టరు తియ్యి!"

"వస్తున్నానక్కా! ... అంతా తనే చూసుకుంటోందా బావా?"

"అంతా."

"నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"చెబితే తాళం లాక్కుంటావని. లాక్కున్నావుగా."

"సరే. ఎక్కడో ఓ చోట గది చూస్తాను, ఒక్క నెల ఆగు. అప్పటిదాకా నెమ్మదిగా తోలు. అక్క ఉందిగా పక్కన. ఇదిగో తాళం. తీసుకో. ఇక్కడ బావా, నా చెయ్యి ఇక్కడుంది."

"నిన్న ఓ చిన్నపిల్ల దిగింది. మీ అక్క వెనక్కి తిరిగి ఇంకో పిల్లకి బ్యాగు తగిలిస్తోంది. నా మోకాలి మీద చెయ్యి లేదు. దారి ఖాళీ అనుకుని కదిలించాను."

"అయ్యో. పిల్లకేమైంది?"

"ఏం కాలేదు. పక్కచూపులో ఎర్రగా రిబ్బను ఆడింది. బ్రేకు తొక్కాను. బంపరుకీ పిల్లకీ మధ్య జానెడు కూడా లేదు. చెయ్యి ఊపి, నవ్వుకుంటూ పోయింది. మీ అక్క చూడలేదు. నేను చెప్పలేదు."

"తమ్ముడూ, వినిపిస్తోందా? పిల్లలు గేటు దగ్గర నిలబడుంటారు!"

"ఒక్క నిమిషమక్కా! ... మొదటిరోజే చెప్పొచ్చుగా బావా. ఊరికే ఎర్తు వైరు గీకించావు."

"నోరు రాలేదురా. నోరు తెరిస్తే అబద్ధమే వస్తోంది. లైట్లు చూసేవాడివి, నువ్వే కనిపెడతావని మూడుసార్లు వచ్చాను. ఇప్పుడు షట్టరెత్తు. ఎత్తగానే మీ అక్క తాళం అడుగుతుంది. నేనూ అడుగుతాను. దానికంటే గట్టిగా అడుగుతాను, తిడతాను, నీ మీద చెయ్యి చేసుకున్నా చేసుకుంటాను. నువ్వెళ్ళి పిల్లల్ని ఇళ్ళకి చేర్చిరా. నాకు మాత్రం ఇవ్వకు."