గుమ్మి నిండా డేటా

కొత్తగూడ రూట్లో ఆటో నడిపే సాయిలు బండికి బ్రేకులున్నాయి గాని నోటికి లేవని అతని భార్య మంజుల అంటుంది. సాయిలు ఆ మాట కాదనడు. పైగా నలుగురిలో తనే చెప్పుకుని నవ్వుతాడు. గూడూరు బస్టాండ్ పక్కన సరోజ చాయ్ దుకాణంలో అతను కథ ఎత్తుకున్నాడంటే చాయ్ చల్లారుతుంది గాని కథ చల్లారదు.

ఆ రోజు మాత్రం పొద్దున్నే వచ్చి, ఆటోను దుకాణం ముందు ఆపి, వచ్చిన గిరాకీనంతా వెనక్కి పంపి, ఫోన్‌ను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు మనీషా జనగామలో మేనత్త ఇంట్లో ఉంది. నర్సింగ్ సీట్ల ఆఖరి విడత ఇవాళే తేలుతుంది. కిందటేడు పిల్లకు సీటు తప్పిపోయింది. ఈసారి కూడా రాకపోతే అక్కడే బట్టల దుకాణంలో పనికి కుదురుతానని, ఇంక చదువు మాట ఎత్తొద్దని చెప్పేసింది. "సీటొస్తే ఫోన్ చేస్త నాయినా. చెయ్యలేదంటే రాలేదనుకో," అంది. ఊళ్లో సిగ్నల్‌ను నమ్ముకోలేక సాయిలు గూడూరు వచ్చి కూర్చున్నాడు. ఫోన్ మీద గీతలు నిండుగా ఉన్నాయి. ఫోన్ మాత్రం మోగడం లేదు.

సంతలో చింతపండు అమ్ముకుని ఊరికి పోవాల్సిన పుష్పమ్మ, ఖాళీ గంప పక్కన పెట్టుకుని ఆటో ఎప్పుడు కదులుతుందా అని చూస్తోంది.

"నడువు కొడుకా, ఎండెక్కుతున్నది," అంది.

"జరాగు అవ్వా. ఫోన్ రావాలె."

"ఎవలది?"

కూతురి సంగతి చెబితే, సీటు రాకపోతే రేపు ఇదే బల్ల దగ్గర ఇదే మనుషులకు మళ్లీ మొఖం చూపించాలి. సాయిలు గొంతు సవరించుకున్నాడు. నోరు అతని కంటే ముందే బయల్దేరింది.

"కంపెనీ పెద్దసారుది. ఫోన్ల కంపెనీ."

బడిలో అటెండర్‌గా చేసి రిటైరైన జోసెఫ్ పేపర్ మడిచి పక్కన పెట్టాడు. సాయిలు కథకు అంతకంటే పెద్ద ఆహ్వానం అక్కర్లేదు.

"ఆయనకు నీతోని ఏం పనిరా సాయిలూ?"

"పెద్ద ముచ్చటేం కాదు జోసెఫన్నా. ఎనుకట మా ఊర్ల సిగ్నల్ లేకుండె. ఊరవతల మద్దిచెట్టు ఎక్కితే ఒక్క గీత దొరుకుతుండె. అందరు ఎక్కేటోళ్లు, నేను గూడ ఎక్కిన. దాంట్ల నా గొప్ప ఏం లేదు, ఉన్నదే చెప్త. అయితే చెట్టు మీద నేను ఎడమచెయ్యి లేపిన, రెండు గీతలైనయి. కుడిచెయ్యి లేపిన, మూడైనయి. రెండు చేతులు ఒక్కసారే లేపిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"కింద పడ్డవ్," అంది పుష్పమ్మ.

"పడ్డ అవ్వా, అబద్ధమెందుకు, పడ్డ! కని సగం దూరం వచ్చినంక లుంగీ కొమ్మకు తట్టుకున్నది. గబ్బిలం లెక్క తలకిందులుగ ఏలాడుకుంట ఫోన్ జూస్తే నిండ గీతలు! నా బతుకుల నిలవడి సాధించింది ఏం లేదు జోసెఫన్నా, తలకిందులైతేనే ఏదన్న అయితది. ఇగ ఊరంత ఉరికొచ్చిన్రు. దింపుతరనుకున్న. దింపలే. 'అట్లనే ఉండు సాయిలూ, కదలకు' అన్నరు. ఎందుకంటే నా చెయ్యి పట్టుకున్నోళ్లకు సిగ్నల్ అందుతున్నది! ఒకల చెయ్యి ఒకలు పట్టుకుని నిలవడ్డరు, లైను పొయ్యి పొయ్యి కొత్తగూడ దాక పోయింది. కుడిదిక్కోళ్లకు మాటలు, ఎడమదిక్కోళ్లకు వీడియోలు. నడుమ ఎవలన్న తుమ్మితే అందరి ఫోన్లు కట్."

"మరి నీ లుంగీ కొమ్మ మీదనే ఉండెనా?" అన్నాడు జోసెఫ్.

"గా ముచ్చట మా ఊరోళ్లు ఇప్పటికి నా ముందట ఎత్తరు. మర్యాదస్తులు."

సరోజ నవ్వుతూ చాయ్ పోసింది. సాయిలు గ్లాసు అందుకుంటూ ఫోన్ వైపు చూశాడు. గీతలు అలాగే ఉన్నాయి. జనగామలో ఈపాటికి నెట్ సెంటర్ తెరిచే ఉంటారు. కథ ఆపితే ఆ మోగని ఫోన్ తప్ప ఇంకేదీ కనబడదని అతనికి తెలుసు.

"అసలు కథ డేటాది," అన్నాడు. "నా ప్లాన్‌ల రోజుకు ఒకటిన్నర జీబీ ఇస్తరు. నాకు వాడుడు రాదు. మిగిలింది తెల్లారితే మాయమైతది. వడ్లు మిగిలితే పారబోస్తమా? మనసొప్పలే. మిగిలిన డేటానంత మాపటికి మాపు ఇంట్ల వడ్లు పోసే గుమ్మిల పోసి, పైన పెండతోని అలికిన. ఆర్నెల్లకు గుమ్మి నిండింది. మంజుల వడ్లెక్కడ పోయాల్నని లొల్లి. 'వడ్లు ఎవలింట్లనన్న ఉంటయే, డేటా ఎవలింట్ల ఉన్నది?' అన్న. ఆ మాటకు నన్ను గూడ గుమ్మిల పోసేటిదే, జాగ లేక ఊకున్నది."

"మంజుల లొల్లి చేసుడు న్యాయమే," అంది పుష్పమ్మ.

"వానలు పడ్డయి. గుమ్మిల తడి దిగింది. తడి తాకితే గింజ ఉబ్బదా? డేటా ఉబ్బింది! పొద్దుగాల ఫట్ మని గుమ్మి పలిగి, వీడియోలు వాకిట్లకెళ్లి వాడకట్టు మీదికి వరద లెక్క పారినయి. పంటలోళ్ల వీడియోలు చేన్లకు పోయినయి, పెండ్లి వీడియోలు పెండ్లిగాని పోరల ఇండ్లల్లకు పోయినయి, వంటల వీడియోలేమో మా బర్రెల కొట్టంల జొర్రినయి. బర్రె రాత్రంత కూసోని చూసింది. తెల్లారి మంజుల పాలు పిండబోతే ఏమొచ్చిందో ఎరికేనా? చాయ్! చక్కెర గూడ సరిపోయింది. కొద్దిగ అల్లం తక్కువుండె, గంతే."

"ఇగ నేను దుకాణం ఎత్తేసుడే," అంది సరోజ.

"భయపడకక్కా. రెండో పూట డికాక్షన్ ఎక్కువైంది, మా ఇంట్ల ఎవలు తాగలే."

జోసెఫ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అటుగా పోయేవాళ్లు ఇద్దరు ఆగారు. ఫోన్ మోగలేదు. సాయిలు గొంతు ఇంకో మెట్టెక్కింది.

"అప్పుడు కదిలింది కంపెనీ. జిల్లా డేటానంత సాయిలు గుమ్మిలనే ఉన్నదని ఎరికై పెద్దసారు కారు దిగి, నా ముందట చేతులు కట్టుకుని, 'సాయిలు గారూ, టవర్ ఎక్కడ పెట్టమంటరు?' అన్నడు. నేను ఏలు జూపెట్టిన. సరిగ్గ అప్పుడే దోమ గుట్టింది, ఏలు పక్కకు జరిగింది. టవర్ పొయ్యి పక్కూరికి పడ్డది. గిదీ నా తెలివి! మా ఊరోళ్లు ఇప్పటికి గా దోమను తిడుతరు, నన్నేమనరు."

"అయితేంది, పక్కూరికన్న వచ్చింది గదా," అన్నాడు జోసెఫ్.

"వచ్చింది, మామూలుగ వచ్చిందా! ముందు ఫోర్ జీ, దాని మీద ఫైవ్ జీ, దాని మీద వాళ్లకే పేరు తెల్వని జీ. ఎంత స్పీడంటే, నేను 'హలో' అనకముందే అవుతలోళ్లు 'ఉంట మరి' అని పెట్టేస్తున్నరు. నేను తప్పు చెయ్యకముందే మంజుల తిట్లు వచ్చేస్తున్నయి."

"గవి టవర్ లేనప్పటి నుంచే వస్తున్నయి గదరా," అంది పుష్పమ్మ.

"వస్తున్నయి అవ్వా, కని అప్పుడు ఒకటొకటే వచ్చేటివి."

సాయిలు బల్ల మీది ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. అద్దం పగిలి, వెనక మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఈ మధ్యే మెసేజీల యాప్ ఆ ఫోన్‌లో ఇంక నడవనని మొండికేసింది. అందుకే మనీషా మెసేజ్ కాదు, ఫోనే చేస్తానంది. ఆ సంగతి గుర్తుకు రాగానే అతను ఫోన్‌ను అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"దీన్ని జూసి నవ్వకున్రి. నీది పాత ఫోన్, ఇంక అప్‌డేట్లు రావు, కొత్తది కొనుక్కో అన్నరు. మా తాత పశువుల వైద్యం చేసేటోడు. పడకేసిన ఎద్దుకు చేసినట్టే దీనికి వేపాకు పొగ ఏసిన, దీని చుట్టూ ఉల్లిగడ్డ తిప్పి పారేసిన. తెల్లారేసరికి లేచి కూసున్నది! అప్‌డేట్ మీద అప్‌డేట్. ఈ ఏటిది అయిపోయింది, వచ్చే ఏటిది అయిపోయింది, ఇంక తయారు గూడ చెయ్యనియి ఎక్కించుకున్నది. జేబుల పెట్టుకుంటే అది ఆగక నాకు గూడ ఎక్కింది. నా మోకాళ్ల నొప్పి పాయె, చత్వారం పాయె."

"మరి నెత్తి మీద వెంట్రుకలో?" అన్నాడు జోసెఫ్.

సాయిలు బట్టతల నిమురుకున్నాడు. "అవి వచ్చే వర్షన్‌ల ఇస్తమన్నరు."

దుకాణమంతా గొల్లుమంది. ఆ నవ్వులో సాయిలు లేచి నిలబడ్డాడు. చెయ్యి గాలిలోకి లేచింది.

"గిప్పుడు కంపెనీ ఒక హుకుం ఇచ్చింది. కొండ కూలినా, వరదొచ్చినా, ఈ దేశంల అందరి ఫోన్లు బందైనా సరే, సాయిలు ఫోన్ మాత్రం బంద్ కావద్దు! ఎవలు నాకు ఫోన్ చేసినా మొదటి రింగుకే కలవాలె! అందుకే పెద్దసారు…"

సరోజ ఫోన్ మోగింది. ఆమె చేతులకు పాలు అంటి ఉన్నాయి. మోచేత్తో ఫోన్‌ను బల్ల మీదికి జరిపి, ఒక్క వేలితో స్పీకర్ నొక్కింది.

"పెద్దమ్మా, నేను మనీషాను. మా నాయిన గక్కడున్నడా?" ఇంటర్ చదివినన్నాళ్లూ ఆ పిల్ల నాయిన ఆటో కోసం ఆ దుకాణంలోనే కూర్చునేది. "పొద్దటి సంది చేస్తున్న, నాయిన ఫోన్ కలుస్తనే లేదు. రీచార్జ్ అయిపోయి ఫోన్లు వచ్చుడు గూడ బందైందట!"

గాలిలోని సాయిలు చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నవ్వు మొదట పుష్పమ్మ నుంచే వచ్చింది, పళ్లులేని నోటి నిండా.

"బిడ్డా…" అన్నాడు సాయిలు.

"నాయినా! రీచార్జ్ చేసుకొమ్మని నీకు మెసేజులు రాలేదా?"

"వచ్చినయి బిడ్డా. ఇంగ్లీషుల ఉన్నయి. రోజు పంపుతుంటే నేనంటే వాళ్లకు పాణమనుకున్న."

"నాయినా, సీటొచ్చింది. భూపాలపల్లిల."

సాయిలు బల్ల మీదికి వంగి సరోజ ఫోన్‌ను దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇను నాయినా. సీటు ఒప్పుకుంటున్నమని మధ్యాన్నం లోపల చెప్పాలె. ఓటీపీ నీ నంబర్‌కే వస్తది. నంబర్ బంద్ ఉంటే ఎట్ల? టైం అయిపోతే సీటు ఇంకొకలకు పోతది."

నవ్వులు ఆగిపోయాయి. జోసెఫ్ అప్పటికే కళ్లద్దాలు పెట్టుకుని, తన ఫోన్ తీసి, "నంబర్ చెప్పు," అన్నాడు. సాయిలు చెప్పాడు. తప్పు చెప్పాడు. మళ్లీ చెప్పాడు. జోసెఫ్ నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. జోసెఫ్, సరోజ, పుష్పమ్మ, దారిన పోతూ ఆగిన ఇద్దరు, అందరూ ఆ చక్రం మీదికి వంగారు. అది తిరుగుతూనే ఉంది. సాయిలు చేతులు నలుపుకుంటున్నాడు. ఇంతసేపూ చెట్లెక్కి, గుమ్ములు నింపి, టవర్లు లేపిన మనిషికి ఇప్పుడు ఆ చక్రాన్ని ఒక్క చుట్టు ముందుకు తోసే శక్తి లేదు.

"మొక్కు మొక్కుకో," అంది పుష్పమ్మ మెల్లగా.

"మొక్కుతనే ఉన్న అవ్వా."

చక్రం ఆగింది. రీచార్జ్ అయింది. సాయిలు తన ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. "పంపు బిడ్డా," అన్నాడు. అవతల మనీషా నొక్కిన చప్పుడు వినబడింది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత టింగుమంది. పగిలిన అద్దంలో అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనబడుతుంటే, సరోజ చేయి తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది. సాయిలు ఒక్కో అంకె చదివాడు, ఆమె తలూపింది. బడి పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాడు, ఒక్క మాట ఎక్కువ కలపకుండా.

"అయింది నాయినా," అంది మనీషా. "సీటు మనదే."

సాయిలు తువ్వాలుతో మొఖమంతా తుడుచుకున్నాడు. చెమట పట్టిందన్నట్టు మెడ కూడా తుడుచుకున్నాడు. జోసెఫ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. సరోజ అడక్కుండానే అందరికీ చాయ్ పోసింది.

"ముందే చెప్తే ఏమైతుండెరా? పిల్ల సీటు కోసమే కూసున్ననని?" అంది పుష్పమ్మ.

"రాకపోతే ఏం మొఖం పెట్టుకుందు అవ్వా? అబద్ధం ఎంత పెద్దగున్నా మోస్త, గిది మొయ్యలేకపోయిన."

పుష్పమ్మ గంప ఎత్తుకుంది. "ఇగనన్న నడువు కొడుకా."

సాయిలు చాయ్ గ్లాసుతోనే ఆటో దాకా వెళ్లాడు. తాళం చెవి తిప్పబోయి ఆగాడు. దుకాణం నిండా జనం, చేతిలో వేడి చాయ్, గుండెలో సీటు. వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఒక్క మాట చెప్పి పోత. మా మనీషా సంగతి మీకు తెల్వది. దాని చెయ్యి అసొంటిది. అది సూది ఏసిందంటే మనిషికి నొప్పే తెల్వది! మొన్న మంచంల పడ్డ ముసలాయనకు ఏసింది, లేచి చేన్లకు పొయ్యి నాగలి పట్టిండు. భూపాలపల్లి దవాఖానోళ్లు అది ఎప్పుడొస్తదా అని గేటు కాడ నిలవడ్డరు, రోగులైతే ఇది వచ్చిందాక మాకు సూదులే వద్దని…"

"నాయినా," అంది బల్ల మీది ఫోన్. "నేనింక లైన్లనే ఉన్న. ఇయ్యాల సీటే వచ్చింది, నేనింక సూది ముట్టనే లేదు."