పొజిషన్ రూము దగ్గరి కుక్క

నా పేరు తలారి క్రిస్టీనా. తండ్రి పేరు యోహాను. వయసు ఇరవై మూడేళ్లు. మాది మేడ్చల్ మండలం రావల్కోల్. మేడ్చల్‌లో ఒక రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో అదే ఉద్యోగానికి ఎంపికయ్యాను. పోలీసు విచారణ పూర్తయితే ఆర్డరు వస్తుంది. ఈ రోజు, అంటే 2025 ఏప్రిల్ 29న, మేజిస్ట్రేట్ గారి ఎదుట నా ఇష్టంతోనే మాట్లాడుతున్నాను. చెప్పి తీరాలని నిర్బంధం లేదని, చెబితే అది నా మీదే సాక్ష్యం కావచ్చని మేడమ్ గారు రెండుసార్లు చెప్పారు. అర్థమైందని చెప్పాను.

మా ఊళ్లో మేడ్చల్ ఆటోలు ఎక్కే చోటుకు ఎదురుగా, ప్రహరీ కట్టిన ఖాళీ స్థలం ఉంది. అందులో ఒక రేకుల గది, కరెంటు మీటరు. గది ముందు తీగ మీద నీలం గళ్ల లుంగీ. గుమ్మం దగ్గర చెప్పుల జత. ఆ స్థలం కోసం సిటీలో ఉండే భానుతేజ గారికీ, మా ఊరి మల్లేష్ గారికీ సివిల్ కోర్టులో దావా నడుస్తోంది. దావాలో ఉన్న భూమిలో తమ మనిషి కాపురం ఉన్నట్టు చూపించడానికి మా వైపు ఇలాంటి గది కడతారు. దాన్ని పొజిషన్ రూము అంటారు. మా నాయిన మేస్త్రీ. భానుతేజ గారికి ఇలాంటి గదులు చాలా కట్టారు. ఈ గదీ ఆయనే కట్టారు. గోడలో ఇనుప కొండీ బిగించిందీ ఆయనే. ఆ రోజు దానికి కట్టింది చిన్న కుక్కపిల్లనని, అరచేతిలో పట్టేంత ఉండేదని నాయిన చెప్పారు.

మీటరు, లుంగీ, చెప్పులు, కుక్క. ఇవి ఉంటే మనిషి ఉన్నట్టే. మనిషి మాత్రం లేడు. ఒకతను అప్పుడప్పుడు బైకు మీద వచ్చి, గేటు తీయకుండానే ఒక కవరు అన్నం విసిరి పోయేవాడు. ఆ లుంగీని నేను చూస్తుండగానే నీలం పోయి తెల్లబడింది. ఎవరూ తీయలేదు.

ఆటో కోసం నిలబడినప్పుడల్లా గేటు సందులోంచి ఆ కుక్కను చూసేదాన్ని. అది మొరిగేది కాదు. ఎదురు తోటలో కూలికి వచ్చే రుక్కమ్మ పెద్దమ్మ దానికి పహిల్వాన్ అని పేరు పెట్టింది, పక్కటెముకలు అన్నీ కనబడతాయని. నేను రొట్టెలు, అన్నం పొట్లాలు విసిరేదాన్ని. అవి అందేవి. నీళ్లు విసరలేము. గొలుసు గేటు దాకా రాదు. తోటకు కరెంటు వచ్చిన రోజున పెద్దమ్మ పైపు పట్టి గేటు పైనుంచి నీళ్లు కొట్టేది. అది నేలను నాకేది.

ఏప్రిల్ మొదట్లో గాలి ఇటు వీచినప్పుడు వాసన వచ్చింది. చీము వాసన నాకు పనిలో అలవాటే. గేటుకు ముఖం ఆనించి చూశాను. దాని మెడకు పట్టా లేదు. స్లాబు ఇనుప సలాకలు కట్టే బైండింగ్ తీగ ఉంది. పిల్లగా ఉన్నప్పుడు చుట్టినది. మెడ పెరిగింది, తీగ పెరగలేదు.

ఏప్రిల్ 7న స్టేషన్‌కు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ గారు కుర్చీ వేసి అంతా విన్నారు. జంతువుకు తిండి, నీళ్లు పెట్టకపోవడం నేరమేనని, మొదటిసారికి పది నుంచి యాభై రూపాయల జరిమానా అని, అది కూడా కోర్టు అనుమతి లేనిదే తాము దర్యాప్తు చేయలేమని చదివి చెప్పారు. వస్తుంటే వెనక్కి పిలిచి, "అమ్మా, గేటు దూకేవు. అప్పుడు కేసు నీ మీదయితది. జర జూస్కో" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు.

అయినా ఫిర్యాదు రాసి ఇచ్చాను. స్పష్టంగా ఉండాలని మొదటి వాక్యం ఇలా రాశాను: "ఆ గదిలో ఎవరూ ఉండరు." నాకు కుక్క తప్ప ఇంకేదీ తోచలేదు. పొజిషన్ రూములు కట్టే మనిషి కూతురినై ఉండి కూడా ఆ వాక్యం ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. మల్లేష్ గారు దాని నకలు సంపాదించి దావాలో పెట్టారు. మామిడిపండ్లు తీసుకొని మా ఇంటికి వచ్చారు. కుక్క గురించి అడగలేదు. భానుతేజ గారు నాయినకు ఫోన్ చేసి, మీ బిడ్డ అవతలి పార్టీ మనిషా అని అడిగారు. మరుసటి రోజు నుంచి నాయినకు పని లేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం. చర్చి నుంచి వచ్చి నాయిన సంచిలోంచి ఇనుము కోసే ఆక్సా బ్లేడు తీసుకున్నాను. పగలు పదకొండు గంటలకు నిచ్చెన వేసి ప్రహరీ దూకాను. నిచ్చెన ఎవరిదని పోలీసులు అడిగారు. అది చెప్పదలచుకోలేదు. ఆటో కోసం నిలబడ్డవాళ్లు చూశారు. ఒకరు, "పండుగ పూట తెల్లచీర కట్టి దొంగతనానికి బోతున్నవా, బిడ్డా" అన్నారు. గొలుసును మధ్యలో కోశాను. తీగ జోలికి పోలేదు, మాంసంలో ఉంది. కుక్కను చీర చెంగులో చుట్టి ఇంటికి తెచ్చాను.

ఇంట్లో కట్టేయలేదు. అయినా అది గొలుసు ఉన్నంత మేరకే గుండ్రంగా తిరిగింది. నాయిన సిమెంటు మాలు మోసే గమేళా కడిగి, నీళ్లు నింపి దాని ముందు పెట్టారు.

సోమవారం పొద్దున పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు మత్తు ఇచ్చి తీగ తీశారు. సాయంత్రం పోలీసులు వచ్చి నాకు నోటీసు ఇచ్చారు. అక్రమ ప్రవేశం, దొంగతనం. దొంగతనానికి మూడేళ్ల దాకా పడవచ్చట. కట్టేసి ఎండబెడితే యాభై రూపాయలు, విప్పితే మూడేళ్లు. కుక్కను, గొలుసును, తీగను కేసు సొత్తుగా తీసుకెళ్లారు.

తర్వాత భానుతేజ గారు మా ఇంటి ముందు కారు ఆపి మాట్లాడారు. "చెల్లె, నీ మీద నాకు కోపం లేదు. ఆ రూముల మా మనిషి ఉంటడని ఒక్క మాట చెప్పు. కేసు వాపస్ తీసుకుంట, మీ బాపుకు పని ఇస్త" అన్నారు. కుక్కను ఎక్కడ కడతారని అడిగాను. "గాడనే. ఇంకేడ?" అన్నారు.

మల్లేష్ గారు వకీలును తానే పెడతానన్నారు. రాసిన మాట మీద నిలబడితే చాలన్నారు. దావా గెలిస్తే కుక్కను ఏం చేస్తారని అడిగాను. ఆయన నవ్వారు. "అలవాటైన కుక్క, బిడ్డా. గాడనే ఉంటది. కొత్తదాన్ని యాడికెల్లి తేవాలె?"

ఈ పొద్దున నాయిన నాతో బస్సులో కోర్టుకు వచ్చారు. దిగే ముందు, "మనింట్ల సంతకం జేసేది నువ్వొక్కదానివే. జర సూసి పెట్టు" అన్నారు. ఎటు చూడాలో చెప్పలేదు.

నేను చూసే చెబుతున్నాను. గోడ దూకింది నేను. గొలుసు కోసింది నేను. నన్ను ఎవరూ పంపలేదు. భూమి ఎవరిదో నాకు తెలియదు. ఆ గదిలో భానుతేజ గారి మనిషి ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. ఫిర్యాదులో రాసిన మొదటి వాక్యంలో మాత్రం ఒక తప్పు ఉంది, దాన్ని సరిచేయమని కోరుతున్నాను. ఎవరూ ఉండరని రాశాను. అక్కడ ఒక కుక్క ఉండేది.

భానుతేజ గారు తన సొత్తు తనకు ఇప్పించమని వేసిన పిటిషన్ ఈ రోజే ఉంది కాబట్టి కుక్కను కోర్టుకు తెచ్చారు. ఈ కిటికీలోంచి కనిపిస్తోంది. బండ్ల షెడ్డు స్తంభానికి కట్టారు. గొలుసు కూడా అదే. నేను కోసినందువల్ల ఇప్పుడు అది సగమే ఉంది. ఎవరో నీళ్ల గిన్నె పెట్టారు. గిన్నె దాకా గొలుసు రావడం లేదు. ఇది కూడా రాయాలా అని మేడమ్ గారు అడిగారు. రాయమన్నాను.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే, నిజమే. చదివి వినిపించారు. ఆ తర్వాత నేనూ స్వయంగా చదువుకున్నాను. ఏ మాటా తీసేయమని అడగలేదు.

(సంతకం)
తలారి క్రిస్టీనా