పన్నెండో వారం మాత్రలు

ఆసుపత్రి రెండో అంతస్తులో పరీక్షల గది. బయట బెంచీ మీద ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరు.

"కాళ్లు ఊపకే. బెంచీ అంతా కదులుతోంది."

"ఊపట్లేదక్కా."

"ఊపుతున్నావు. ఆ చివరావిడ రెండుసార్లు చూసింది. రక్తం తీయించుకోవడం కొత్తా నీకు?"

"రక్తం గురించి కాదు. మన నంబరు ఎంత?"

"పది. ఇప్పుడు ఎనిమిది. నాలుగుసార్లు అడిగావు. పరీక్షకివ్వాల్సిన ఆ చిన్న డబ్బా తెచ్చావా, లేదా?"

"ఏ డబ్బా?"

"ఏ డబ్బా ఏంటి, పొద్దున బాత్రూంలో తంటాలు పడ్డ డబ్బా."

"మెల్లిగా! తెచ్చా. ఫ్రిజ్‌లో పెరుగు వెనకాల పెడితే అత్తయ్య తీసి, 'ఇదేం తోడే?' అంది."

"ఏం చెప్పావు?"

"ఆఫీసుదన్నా."

"బాగుంది. ఇంక జన్మలో మీ ఆఫీసుకి రాదు."

"నవ్వకక్కా. ఇవాళ ఏం తేలుతుందో."

"ఏం తేలుతుంది? పన్నెండు వారాల నుంచీ పేగుకి మంచి చేసే పురుగుల మాత్రలు మింగుతున్నావుగా. పేగు బాగుంటే ఇన్సులిన్ మాట వింటుందట, అది వింటే అండాశయం మాట వింటుందట. సిస్టర్ చెబుతుంటే మనిల్లే గుర్తొచ్చింది, ఒకళ్లు వింటే గానీ ఇంకొకళ్లు వినరు."

"వింటుందేమో అనుకుంటున్నామంది. ఇంకా తేలలేదంది. అందుకే ఈ పరిశోధనలో సగం మందికి అసలువి, సగం మందికి ఉత్తుత్తివి. ఎవరికేవో సిస్టర్‌కి కూడా తెలీదు... అక్కా, నీకు ఉబ్బరం తగ్గిందా?"

"ఆఁ."

"ఆఁ అంటే?"

"తగ్గిందిలే."

"డేట్ వచ్చిందా?"

"రోజూ అదే ప్రశ్నా? కుట్టు మెషిన్ దగ్గరికొచ్చి అడుగుతావు, అన్నం తింటుంటే అడుగుతావు. నా సంగతి ఎందుకు? నీకు మొదటి నెలే వచ్చిందిగా. మూడు నెలలకోసారి కూడా సరిగ్గా రానిది, ఠంచనుగా వచ్చిందని గంతులేశావు."

"వచ్చింది. ఆ తర్వాత రాలేదు."

"రాలేదా? రెండు నెలలైందే! నాతో అనలేదేం?"

"అంటే నువ్వు ఎందుకని అడుగుతావని."

"ఎందుకు?"

"చూశావా, అడిగావు."

"పిల్లా, ఇటు చూడు. ఏం చేశావు?"

"నంబరు ఎంతైంది?"

"తొమ్మిది. ఏం చేశావు?"

"ఐదో వారంలో... నువ్వు కుట్టిన యూనిఫారాలు ఇచ్చి రావడానికి వెళ్లావు చూడు, ఆ రోజు. నీ మాత్రలు నా డబ్బాలో పోసుకుని, నావి నీ దాంట్లో పోశాను."

"ఏంటీ?"

"రెండూ ఒకలాగే ఉంటాయిగా, తెల్లగా. నావి అసలువని నమ్మకం కుదిరింది. నీకు ఏమీ తేడా లేదు. ఉత్తుత్తివి నీకొచ్చాయనుకున్నా."

"ఒకసారి వచ్చినంత మాత్రాన మాత్ర వల్లే అనుకోవద్దని సిస్టర్ చిలక్కి చెప్పినట్టు చెప్పిందిగా! దానంతటదే కూడా రావచ్చంది."

"చెప్పింది. కానీ ఆ ముందు రోజు అత్తయ్య అందరి ముందూ ఏమంది? 'ఆరేళ్లు చూశాం, ఇంక చిన్నదాని మీదే ఆశ' అంది. నువ్వు కూర వడ్డిస్తున్నావు. గరిట ఆగలేదు, ఏమీ లేదు, వడ్డిస్తూనే ఉన్నావు. నేను చెయ్యి కడిగేసుకున్నానక్కా. నాకు పెళ్లై రెండేళ్లేగా, నేను ఆగగలను. ముందు నీకు కావాలి అనుకున్నా."

"పిచ్చిదానా."

"తిట్టు."

"నీకొచ్చిందని నాకెంత సంతోషమేసిందో తెలుసా? ఆ మొటిమలు చూసుకుని అద్దం తిప్పేసుకునేదానివి. బయటికి రానంటూ మంచమెక్కేదానివి. నీవి నాకెందుకు పోశావే?"

"ఏడుస్తున్నావా?"

"లేదు. లోపల ఈ సంగతి చెప్పేయ్."

"చెబితే మనల్ని ఇందులోంచి తీసేస్తారు! ఇంట్లో తెలుస్తుంది!"

"ఎంతమంది ఆడవాళ్లు రక్తాలిచ్చారు దీనికి? మన ఇద్దరి అబద్ధం వాళ్ల లెక్కలో కలవకూడదు. చెప్పు."

"నువ్వు పక్కనుంటావా?"

"ఎక్కడికి పోతాను?"

"పదో నంబరు! ఇద్దరూ వచ్చేయండమ్మా. ఇవాళ ఆఖరి రోజు, మాత్రలు లెక్కపెట్టి సంతకాలు పెట్టించుకుంటాను. ముందు చిన్నావిడ. ఎన్ని మిగిలాయి?"

"రెండు, సిస్టర్. కానీ... అవి నావి కావు."

"మీవి కాకపోతే ఎవరివి?"

"అక్కవి. ఐదో వారంలో మార్చేశాను. అక్కకి తెలీదు. తప్పంతా నాదే, ఆమెనేం అనకండి."

"అయ్యో, ఎంత పని చేశారమ్మా! ఇంతకుముందే చెప్పాల్సింది. సరే, ఏడవకండి, డాక్టరుగారితో మాట్లాడదాం. అంటే పెద్దావిడా, అప్పట్నుంచీ ఈవిడ మాత్రలు మీరు మింగుతున్నారన్నమాట."

"లేదు."

"అంటే?"

"ఎవరివీ మింగలేదు. ఈ పొట్లం తీసుకోండి. ఎనభై నాలుగూ ఉన్నాయి. రోజుకొకటి తీసి గుండీల సీసాలో వేశాను. ఇవాళ మీకిచ్చేద్దామనే తెచ్చాను."

"అక్కా! నేను పోసినవి కూడానా?"

"నువ్వు పోశావని నాకేం తెలుసే? తెలిస్తే ఆ పూటే నీ డబ్బాలోకి తిరిగి పోసేదాన్ని."

"మరి చేరడమెందుకు?"

"ఒక్కదాన్నే వెళ్లనని గుమ్మంలో కూర్చున్నావుగా. నేను పేరిస్తే నువ్విస్తానన్నావు. ఇచ్చాను."

"ఇది చాలా తప్పమ్మా. పోనీ, మాత్ర పడలేదా? వాంతులు, నొప్పి ఏమన్నా? మానేసిన కారణం ఇక్కడ రాయాలి నేను."

"ఏమీ లేదు."

"మరెందుకు? ఇవి పిల్లల కోసమే కాదమ్మా. మీ షుగరు కోసం, మీ పొట్ట కోసం. మీ కోసం."

"మా ఇంట్లో నా నోట్లో పడే ప్రతి మందూ పిల్లల కోసమే, సిస్టర్. ఆరేళ్లుగా కషాయాలు, సూదులు, పథ్యాలు. నెలసరి ఎన్నో రోజని అందరూ అడిగారు. పిల్లలు కావాలా అని మాత్రం ఒక్కరూ అడగలేదు."

"నేను... నేనూ అడగలేదక్కా."

"రాసుకోండి సిస్టర్. నాకు పిల్లలు వద్దు. మొదటి రోజు నుంచీ వద్దు."