అమ్మ లేని మార్కెట్

గడ్డిఅన్నారంలో ఒకప్పుడు పండ్ల మార్కెట్ ఉన్నచోట, తెల్లవారుతుండగా ఒక రచయిత్రికి, అక్కడే హమాలీగా మూటలు మోసిన తన తండ్రి కనిపించాడు.

"ఈడికెందుకొచ్చినవ్ నాయినా? మార్కెట్ ఎత్తేసి ఎన్నేండ్లాయె."

"నువ్వే చదివి వినిపిస్తివి గద బిడ్డా, తెల్లారంగ గేటు తెరుచుకుంటదని."

"అది నేను రాసిన కథ."

"నీ దయ్యాల పుస్తకంల, దొంగల పుస్తకంల, పిల్లల పుస్తకంల గూడ గిదే గేటు. మూడిట్ల అబద్ధమాడుతవా?"

"సరే. తెరుచుకున్నదా?"

"తెరుచుకున్నది. ఒకటే మామిడిపండ్ల వాసన. నాతోని మూటలు మోసినోళ్లంత ఉన్నరు."

"అమ్మ?"

"ఆమె పండ్ల గంప పెట్టి అమ్మే జాగ ఖాళీగున్నది. నువ్వు ఆమెను ఏ పుస్తకంల రాయలేదు గద."

"అమ్మ పోయినంక, ఆమె గురించి రాయబోతే ఏడుపొస్తది నాయినా."

"ఏడ్సుకుంటనే రాయి. నేను రేపు గూడ వస్త."