తూము మూసిన వేళ

చల్లపల్లి దగ్గర ఓ ఊరు. నీటి సంఘం మీటింగుకి ఇంకో గంట ఉంది. సంపూర్ణమ్మ, ఇంజనీరింగ్ చదివే మనవరాలు ఉషశ్రీ.

"వైరు లేదంటావు, బ్యాటరీ లేదంటావు. మరి తూముకి బిగించిన నీ డబ్బాకి ప్రాణం ఎక్కడ్నించి వస్తుందే?"

"తూము చక్రం తిప్పితే వస్తుంది నానమ్మా. ఆ తిప్పుడుకే రవ్వంత కరెంటు పుడుతుంది. తెరిచారో మూశారో నా ఫోనుకి మెసేజ్ పంపడానికి అది చాలు."

"ఎండ అక్కర్లేదూ?"

"అక్కర్లేదు. నాన్న కూడా ఇదే అడిగాడు, సోలారా అని. ఏదో చదువుకుంటూ ఊఁ అనేశా."

"ఊఁ అన్నావా!"

"అంటే ఏమైంది?"

"ఏం కాలా. చెప్పు."

"బుధవారం దిగువ చేను అమలమ్మగారి నీళ్ళ వంతు కదా. ఎవరో డబ్బా మీద యూరియా గోనె కప్పి మరీ తూము మూసేశారు. పాపం, ఆవిడ వరి పొట్ట మీదుంది, కంకి వేసే ఈ వేళే నీళ్ళు కావాలి."

"తూము మూస్తే నీళ్ళు ఎవరి చేలోకి ఎక్కుతాయి?"

"పైనున్న వాళ్ళకి. మనకీ ఎక్కుతాయి."

"ఊఁ. మీ నాన్నేమంటాడు?"

"కాలువ తూములు చూసే లస్కరు బాలశౌరి పనేనంట. పొద్దున్నే బెజవాడ ఆస్పత్రికి వెళ్తూ వెళ్తూ మూసేసి పోయాడంట. ఇవాళ పనిలోంచి తీసేయిస్తానని ఒకటే పట్టు."

"సంఘానికి పెద్దాయె మరి. గోనె కింద నీ డబ్బా పలికిందా?"

"పలకదూ! మధ్యాహ్నం రెండూ ఇరవైకి మూశారు. ఇదిగో."

"మీ నాన్నకి చూపించావా?"

"లేదు. మీటింగులో అందరి ముందూ చూపిద్దామని."

"తీసెయ్యి."

"ఏంటీ?"

"తీసెయ్యవే ఆ మెసేజి. ఊళ్ళో తగువులు నీకెందుకు, పరీక్షలున్నాయిగా."

"అదేంటి నానమ్మా! రెండూ ఇరవైకి బాలశౌరి బెజవాడలో ఉన్నాడు. అతని ఉద్యోగం నిలబెట్టేది ఈ మెసేజే కదా!"

"అదేలే. నాకు తెలీదూ?"

"మరి ఎవర్ని కాస్తున్నావు?"

"బాలశౌరి నాన్న శౌరయ్యా లస్కరేనే. ఉప్పెన వచ్చిన ఏడు మీ నాన్న మూడేళ్ళవాడు. నీళ్ళు నా మెడదాకా వచ్చినయ్. శౌరయ్య ఆ పిల్లాణ్ణి నెత్తిన పెట్టుకుని, నన్ను జుట్టు పట్టి ఈడ్చుకుంటా కరకట్ట ఎక్కించాడు. అబ్బా, ఏం లాగాడే..."

"మాట మార్చకు. మూసిందెవరో నీకు తెలుసు."

"నా చెప్పులెక్కడున్నాయే?"

"ఎందుకు? చెప్పు ముందు, ఎవరు?"

"మీటింగుకి. నీ ఫోను వేళ చెప్పుద్దిగానీ మనిషిని చెప్పదుగా. బుధవారం రెండింటికి మజ్జిగన్నం తినకుండా కంచం ముందునించి లేచిపోయాడు మీ నాన్న. తిరిగొచ్చాక కాళ్ళ బురదకి నీళ్ళు పోసింది నేనే. ఆ మాట కన్నతల్లి చెప్తేగాని నమ్మరు, పద."