కూలిన మట్టిపొయ్యి

దుంపలు తవ్వే సెలవులు అయ్యాక, మా కొండ ఊరి బడి వంటగదిలో ఇద్దరు టీచర్లు మాట్లాడుకుంటున్నారు. ఒకరు పెద్దావిడ, ఇంకొకరు రాజధాని లిమా నుంచి కొత్తగా వచ్చినామె.

"రేపు ఇన్‌స్పెక్టరు నా రాత క్లాసు చూస్తారు మేడం. పిల్లలు ఏమీ రాయకపోతే నా ఉద్యోగం ఖాయం కాదు."

"నిన్న ఏం రాయమన్నావు?"

"'సెలవుల్లో చూసిన వింతలు.' ముందు బొమ్మ, తర్వాత ఎత్తుగడ, మూడు పేరాలు, ముగింపు."

"ఏం రాశారు?"

"'దుంపలు తవ్వాను.' అందరూ అదే."

"తవ్వారు కాబట్టి. ఆ ప్లానంతా పక్కన పెట్టు. ముందు నువ్వే వాళ్ళ కళ్ళముందు బోర్డు మీద రాయి, కొట్టివేతలతో సహా."

"నేనేం రాయను?"

"పొలంలో మట్టిపెళ్ళలతో పొయ్యి కట్టి దుంపలు కాలుస్తుంటే నువ్వూ వెళ్ళావుగా."

"అది చెప్పుకునేది కాదు మేడం. పెళ్ళలు ఎర్రగా కాలాకే పొయ్యిని దుంపల మీద కూల్చి ఆ వేడికి మగ్గనివ్వాలట, నేను కాలకముందే కూల్చేశాను."

"అయ్యో. ఎవరూ ఆపలేదా?"

"నా క్లాసులో ఎర్మెలిందా ఉంది కదా, వాళ్ళ తాత టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు."

"తర్వాత?"

"తర్వాత పేరాలు ఎలా విడదీయాలో..."

"పాఠం సంగతి కాదమ్మాయ్. దుంపలు ఉడికాయా లేదా?"

"చూశారా, మీకూ తెలుసుకోవాలనే ఉంది!"

"ఎందుకా నవ్వు?"

"రేపు ఇక్కడిదాకా రాసి సుద్దముక్క కింద పెట్టేస్తాను. ఆ రోజు పిల్లలంతా అక్కడే ఉన్నారు. మిగతాది వాళ్ళే రాస్తారు."

"బాగుంది. ఇంతకీ దుంపలు?"

"మీరూ ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చోండి మేడం."